ఆకుల అక్క

పోయిన వారం మనం ఆ ఇంటి నుంచి వచ్చేసేసరికి బల్ల మీద సగం తాగిన టీ చల్లారిపోతోంది, తాగాల్సిన మనిషి చెప్పులు తొడుక్కుని గుమ్మం దాటేశాడు. టైలరమ్మ ఆ గ్లాసు వంకా, తెరిచి ఉన్న తలుపు వంకా మార్చి మార్చి చూస్తూ నిలబడిపోయింది. చూడక ఏం చేస్తుంది పాపం. ఏటా వసంతం రాగానే ఆ ఇంట్లో ఒకటే తంతు. "పూల పండగకి నువ్వూ రామ్మా" అని చిన్నది అడగడం, "నాకు పనుందమ్మా" అని ఆవిడ తప్పించుకోవడం. ఈ ఏడు ఏ గాలి వీచిందో ఏమో, "సరే, వస్తాను" అంది. పిల్ల ఎగిరి గంతేసింది. మొగుడు మాత్రం సంతోషించకపోగా, మొహంలో నెత్తుటి చుక్క లేకుండా లేచి వెళ్ళిపోయాడు.

ఎందుకు వెళ్ళిపోయాడో ఇవాళ తేలిపోతుంది. అంతకుముందు, ఈ కథలోకి ఇప్పుడే అడుగు పెడుతున్నవాళ్ళకి ఆ ఇంటివాళ్ళని పరిచయం చెయ్యడం మర్యాద.

అది కత్తెరల ఇల్లు. ఆవిడ గుడ్డ కత్తిరిస్తుంది, ఆయన మొక్క కత్తిరిస్తాడు. ముందుగదిలో కుట్టుమిషను, కత్తిరింపు బల్ల, గోడ పొడుగునా హ్యాంగర్లకి వేలాడే బడిపిల్లల యూనిఫారాలు. ఊరి చివర ఉన్న వినోదాల పార్కులో జెయింట్ వీల్‌కీ నీళ్ళ జారుడుబల్లలకీ మధ్య ఉన్న తోట ఆయన చేతికింద ఉంటుంది. ఏటా వసంతంలో నెల్లాళ్ళపాటు అక్కడ పూల పండగ చేస్తారు. ఇనుప తీగతో చట్రం కట్టి, లోపల తడి నాచు కూరి, దాని నిండా చిన్నాకు మొక్కలు నాటి, అవి వేళ్ళు పట్టుకున్నాక కత్తెరతో తీర్చిదిద్దితే ఏనుగులూ నెమళ్ళూ తయారవుతాయి. అక్కడివాళ్ళు ఆయన్ని తోటాయన అంటారు కాబట్టి మనమూ అలాగే పిలుద్దాం.

వాళ్ళకి ఇద్దరు ఆడపిల్లలు. ఇద్దరు అన్నానా? ఆ ఇంట్లో ఇప్పటికీ అలాగే అంటారు. పెద్దది తొమ్మిదేళ్ళప్పుడు జ్వరం వచ్చి వారం తిరక్కుండా పోయింది. అప్పటికి చిన్నది రెండేళ్ళది, ఇప్పుడు ఎనిమిదేళ్ళది. ఆ పెద్దది చనిపోయిన ఏడే, వసంతంలో, "అమ్మ వస్తేనే పండగకి వెళ్తాను" అని మంకుపట్టు పట్టింది. అప్పుడు మిషను పక్కన కుట్టాల్సిన యూనిఫారాలు గుట్టగా ఉన్నాయి. "వచ్చే ఏడు తప్పకుండా వెళ్దాం, నా తల్లివి కదూ" అని బుజ్జగించి పంపేసింది టైలరమ్మ. ఆ తర్వాత ఆవిడ ఆ పార్కు గేటు మొహం చూడలేదు, ఆ పార్కు మాట ఎవరెత్తినా అక్కణ్ణుంచి లేచి వెళ్ళిపోయేది.

ఇదీ సంగతి. ఇక ఇవాళ్టి కథ.

మర్నాడు మధ్యాహ్నం. పండగ ఎల్లుండి మొదలు. తోటాయన తెల్లవారకుండానే పనికి వెళ్ళిపోయాడు, వెళ్తూ పెళ్ళాం మొహం చూడలేదు. చిన్నది మాత్రం నిద్ర లేచిన దగ్గర్నుంచి పండగ ధ్యాసలోనే ఉంది. పార్కువాళ్ళు పంచిన పటం తెచ్చి కత్తిరింపు బల్ల మీద పరిచి, నాలుగు మూలలా నాలుగు దారపు ఉండలు పెట్టింది. చేతిలో అమ్మ సుద్ద ముక్క.

"ముందు ఏనుగు," అంది, గేటు పక్కన గుండ్రం చుట్టి. "దాని తొండంలోంచి నీళ్ళొస్తాయి. మనం తడుస్తాం. నువ్వు తిట్టకూడదు."

"తిట్టను."

"జలుబు చేస్తుంది అనకూడదు."

"అదీ అనను. తర్వాత?"

"తర్వాత పూల గడియారం. దాని ముల్లు కూడా పూలే. టైము తప్పు చూపిస్తుంది కానీ బాగుంటుంది. తర్వాత పువ్వుల సొరంగం. అందులో నువ్వు నా చెయ్యి పట్టుకోవాలి. భయమని కాదు, అక్కడ అందరూ పట్టుకుంటారు."

టైలరమ్మ ఒక కాలరుకి గుండీలు కుడుతూ తల ఊపుతోంది. ఎన్నాళ్ళయిందో ఆవిడ ఇలా ఒక పిల్ల మాటలు వింటూ కూర్చుని. బయటి తిండి లోపలికి రానివ్వరట గానీ, గేటు దగ్గర కాపలా ఆయన నాన్నకి స్నేహితుడు కాబట్టి తమ సంచీ మాత్రం చూసీ చూడనట్టు వదిలేస్తాడట. నీళ్ళ సీసా రెండు తేవాలట, ఒకటి నాన్నది, ఆయన పొద్దుటి నుంచీ నీళ్ళే తాగడట. వెళ్ళేది ఎన్నో నంబరు బస్సు, ఏ పక్క కూర్చుంటే ఎండ పడదు, మధ్యలో కాళ్ళు నొప్పి పుడితే ఏ బెంచీ నీడలో ఉంటుంది, అన్నీ పిల్ల నాలిక చివర ఉన్నాయి. ఆరితేరిన ప్రయాణికురాలిలా చెబుతోంది.

"మరి గౌను ఏది వేసుకుంటావే?" అంది టైలరమ్మ. "ఆ పసుపుపచ్చది తియ్యి. అంచు విప్పి పొడుగు చేస్తాను."

పసుపుపచ్చ గౌను పెద్దదానిది. చిన్నది వేసుకునేవన్నీ దాదాపు పెద్దదానివే. చిన్నది పటం మీదకి ఇంకాస్త వంగింది. సుద్ద గీత సొరంగం దాటి, చెరువు చుట్టూ తిరిగి, నెమళ్ళ దగ్గర ఆగి, పటం అంచుకి చేరుకుంది.

"అన్నీ అయ్యాక, టైముంటే, చివర్లో అక్క."

టైలరమ్మ సూది ఆపింది. "ఏ అక్క?"

"మన అక్కే. ఆకుల అక్క."

"ఆకుల అక్కేంటే?"

"నాన్న చేశాడు కదా. నీళ్ళ డబ్బా పట్టుకుని నిలబడి ఉంటుంది. జడ కూడా ఆకులే." చిన్నది తల ఎత్తి చూసింది, అమ్మ మొహం చూసి కొంచెం తగ్గింది. "నీకు తెలీదా?"

"నాకెవరు చెప్పారే?"

"నేను చెబుదామనే అనుకున్నా. పార్కు అంటేనే నువ్వు లేచి వెళ్ళిపోతావు కదా, ఇంకెప్పుడు చెప్పను? నాన్న చెప్పొద్దని ఏం అనలేదు. చెప్పమనీ అనలేదు." సుద్ద ముక్కని వేళ్ళ మధ్య దొర్లించింది. "పోయిన ఏడు నాన్న చెవిదాకా ఉండేది. ఈ ఏడు నాన్నంత అయిందట. నేనెంత పెరిగినా అక్క నాకంటే ఎక్కువే పెరుగుతుందమ్మా. నేను పాలు తాగుతున్నా కూడా."

టైలరమ్మకి ఆ మాటల్లో ఒక్కటీ సరిగా చెవిన పడలేదు, పెరుగుతుంది అన్న మాట తప్ప. పెద్దది పెరగడమేంటి? ఆవిడ లెక్కలో పెద్దది తొమ్మిదేళ్ళ దగ్గర ఆగిపోయింది. బీరువా అడుగున ఆ పిల్ల బూట్లు ఇంకా ఆ సైజులోనే ఉన్నాయి. ఆవిడ లేచి వెళ్ళి మిషను ముందు కూర్చుని తొక్కడం మొదలుపెట్టింది. కిందనున్న బాబిన్‌లో దారం అయిపోయిందని కూడా చూసుకోలేదు. గుడ్డ ముందుకు పోతోంది గానీ కుట్టు పడడం లేదు. చిన్నది పటాన్ని మెల్లగా మడిచి తీసుకుని లోపలి గదిలోకి వెళ్ళిపోయింది.

తోటాయన సాయంత్రం వెలుతురుండగానే వచ్చాడు. చేతులు మోచేతుల దాకా నాచు మరకలు. ఎప్పుడూ పెరటి కుళాయి దగ్గర కడుక్కుని వచ్చేవాడు, ఇవాళ మిషను చప్పుడు విని నేరుగా ముందుగదిలోకే వచ్చాడు. ఆ ఇంట్లో మిషను ఎప్పుడు పని కోసం తిరుగుతుందో, ఎప్పుడు కోపం కోసం తిరుగుతుందో ఆయనకి ఆ చప్పుడుని బట్టే తెలిసిపోతుంది.

"చెప్పిందా చిన్నది?" అన్నాడు.

"చెప్పింది. మీరు చెప్పాల్సింది అది చెప్పింది."

ఆయన స్టూలు లాక్కుని కూర్చోబోయి, ప్యాంటుకి మట్టి ఉందని ఆగి, నిలబడే ఉన్నాడు. ఆవిడ కూర్చోమనలేదు.

"ఎన్నాళ్ళ నుంచండీ ఇది?"

"అది పోయిన మరుసటేడు నుంచి."

"అంటే మొదటినుంచీ."

"మొదటినుంచే." గోడ మీది యూనిఫారాలకి చెబుతున్నట్టుగా చెప్పాడు. "ఆ ఏడు నీళ్ళ డబ్బా పట్టుకున్న పాప బొమ్మ ఒకటి కావాలన్నారు. ఎవరో ఒక పాప. తీగ చేతిలోకి తీసుకున్నాను. వంచుతూ పోతే అది మన పెద్దదే అయింది. నేను చెయ్యాలని చెయ్యలేదు. చేతులకి గుర్తుంది."

"అప్పుడు చేశారు. సరే. మరి పెరగడమేంటి?"

ఆయన అసలే మాటలు తక్కువ మనిషి, పెళ్ళాం నిలదీస్తే ఆ ఉన్నవీ దొరకవు.

"రెండో ఏడుకి చట్రం కాళ్ళ దగ్గర తుప్పు పట్టింది. కొత్తది కట్టాలి. పాత ఎత్తుకే కట్టబోయాను. చెయ్యి రాలేదే. పిల్లలందరూ ఏడాది పెద్దయి పండగకి వస్తున్నారు, మనది ఒక్కటే అలాగే ఎందుకుండాలి అనిపించింది. అయితే ఎంత పెంచాలో నాకేం తెలుసు? అందుకని నిన్నడిగాను."

"నన్నా?"

"పదకొండేళ్ళ పిల్లకి భుజం నుంచి మోకాలి దాకా ఎంతుంటుంది అని. చెయ్యి ఎంత, నడుము ఎంత అని. పండగ ముందు ఏటా అడుగుతాను కదా."

టైలరమ్మకి అప్పుడు గుర్తొచ్చింది. అడిగేవాడు. ఏటా ఈ రోజులకి కాస్త ముందు, ఆవిడ నోట్లో గుండుసూదులు పెట్టుకుని పనిలో తలమునకలుగా ఉన్నప్పుడు, గుమ్మంలో నిలబడి అడిగేవాడు. పన్నెండేళ్ళ పిల్లకి ఎంత, పదమూడేళ్ళ పిల్లకి ఎంత. పార్కులో బొమ్మలకి బట్టలు తొడుగుతారు కాబోలు అనుకుని, తల కూడా ఎత్తకుండా పళ్ళ మధ్య నుంచే కొలతలు చెప్పేసేది. పేటలో ఉన్న పిల్లలందరి కొలతలూ ఆవిడ నోటికి వచ్చు. తన పిల్లవే అడుగుతున్నాడని ఆవిడకి తోచనేలేదు.

"నా నోటితోనే చెప్పించారన్నమాట," అంది. గొంతు పైకి లేవలేదు. లేచి ఉంటే ఆయనకి సులువయ్యేది. "నేనిక్కడ దాని బూట్లు ముందేసుకుని ఏడుస్తూ కూర్చుంటే, మీరక్కడ దాన్ని పెంచుకుంటున్నారు. పదేళ్ళ పిల్లని చూశారు, పన్నెండేళ్ళ పిల్లని చూశారు. నేను దాన్ని ఆ మంచం మీదే చూశాను, అంతే. ఆరేళ్ళు. ఒక్కసారి, ఒక్కసారి నాకు చెప్పాలనిపించలేదా మీకు?"

"అనిపించింది."

"మరి?"

"చెబితే వద్దంటావు. వద్దంటే మానెయ్యాలి." ఆయన చేతుల మీది నాచు గిల్లుకుంటున్నాడు. "మానడం నా వల్ల కాదు. నీకు మిషనుంది. అది పోయిన దగ్గర్నుంచి నువ్వు దాన్ని తొక్కడం ఆపలేదు. ఆ చప్పుడులో నేనేం మాట్లాడినా నీకు వినపడేది కాదు. నాకు చెప్పుకోవడానికి ఎవరున్నారే? పొద్దున్నే వెళ్ళి దానికి నీళ్ళు పట్టేవాణ్ణి. ఆ కాసేపు బాగుండేది."

ఆ మాట ఆవిడకి సూటిగా తగిలింది. నిజం కాబట్టే తగిలింది. మిషను ఆపితే ఇల్లు నిశ్శబ్దమైపోతుందని భయపడి తొక్కింది గానీ, దాని చప్పుడులో ఇంకో మనిషి మూగవాడైపోయాడని ఆవిడ ఎన్నడూ అనుకోలేదు. అలాగని కోపం పోయిందా అంటే పోలేదు. జాలి దాని దారిన అది వచ్చింది, కోపం ఉన్నచోటే ఉంది.

"ఇప్పుడెంత ఉంది?" అంది.

"ఏంటి?"

"దాని ఎత్తు. ఎంత పెట్టారు?"

ఆయన అరచెయ్యి తన నడినెత్తి మీద పెట్టి చూపించాడు. ఆవిడ లేచి దగ్గరికొచ్చింది. ఆ చెయ్యి వంకా, ఆయన వంకా చూసింది.

"పదిహేనేళ్ళ పిల్ల అంతుంటుందా?"

"నువ్వు చెప్పిన లెక్కే. భుజాల నుంచి మడమ దాకా నీ కొలతలే. ఒక్క వేలెడు కూడా నేను కలపలేదు."

"అయ్యో రామా," అంది టైలరమ్మ, నుదురు పట్టుకుని. "నేను చెప్పింది లూజు కలిపి కదండీ."

"లూజా?"

"పెరిగే పిల్లలకి సరిగ్గా ఒంటికి ఎవరు కుట్టించుకుంటారు? రెండేళ్ళు రావాలంటారు తల్లులు. భుజం దగ్గర కాస్త, చేతుల దగ్గర కాస్త, పొడుగు అయితే ఇంత, ఎక్కువే పెట్టి కుడతాను. నా నోట్లో ఉండేవి ఆ కొలతలే. అసలు కొలత ఎప్పుడైనా చెప్పానా నేను?" చెబుతూ చెబుతూనే ఆవిడకి నవ్వొచ్చింది. "పదకొండేళ్ళప్పుడే దానికి పదమూడేళ్ళ ఒళ్ళు పెట్టారు మీరు. మన రెండు వైపులా అంత పొడుగు మనిషి ఎవరున్నారండీ? ఎవరి పోలిక వచ్చిందనుకున్నారు?"

"నేనూ అదే అనుకునేవాణ్ణి," అన్నాడు తోటాయన అమాయకంగా. "మీ మేనమామ పోలికేమో అనుకున్నాను."

ఇద్దరూ నవ్వారు. ఆరేళ్ళలో వాళ్ళిద్దరూ కలిసి ఒకే మాటకి నవ్వడం అదే మొదలు. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. ఆవిడ నోరు నవ్వుతుండగానే కళ్ళు నిండాయి, ఎక్కిళ్ళు వచ్చాయి, బల్ల అంచు పట్టుకుని అక్కడే ఏడ్చింది. ఆయన నాచు చేతులతో ఆవిడ భుజం పట్టుకోవాలా వద్దా అని తటపటాయించి చివరికి పట్టుకున్నాడు. జాకెట్టుకి పచ్చ మరక పడింది. ఎవరూ పట్టించుకోలేదు.

ఇంతటితో అయిపోతే మనం ఈ వారానికి వాళ్ళని ఎల్లుండి బస్సు ఎక్కించి సెలవు తీసుకునేవాళ్ళం. కానీ తోటాయన నిన్న టీ వదిలేసి వెళ్ళింది పెళ్ళానికి తెలిసిపోతుందన్న భయం ఒక్కటితోనే కాదు.

"ఇంకోటుంది," అన్నాడు.

ఆవిడ కళ్ళు తుడుచుకుని చూసింది.

"నిన్న పొద్దున మేనేజరు పిలిచాడు. పోస్టర్ల కోసం ఇన్నేళ్ళ పండగ ఫోటోలూ గోడకి వరసగా అంటించారు. అలా వరసగా పెట్టేసరికి కనిపించింది ఆయనకి. ఏనుగు ఏటా ఒకేలా ఉంది, నెమళ్ళు ఒకేలా ఉన్నాయి, ఈ పిల్ల ఒక్కతే పెద్దదవుతోంది. ఎవరీ పిల్ల అన్నాడు. అబద్ధం ఆడలేకపోయాను."

"ఏమన్నాడు?"

"తిట్టలేదు. చాలాసేపు కూర్చోబెట్టాడు. ఆయనకీ పిల్లలున్నారు. తర్వాత అడిగాడు, మీ ఆవిడకి తెలుసా అని. తెలీదన్నాను. పోయిన బిడ్డ రూపాన్ని తల్లికి తెలియకుండా ఊరందరి ముందూ నిలబెట్టడం తప్పు కదా అన్నాడు. నిజమే కదా, నేనేమంటాను? ఆవిడ ఒప్పుకుంటే ఏటా ఉంచుతాం, నీ చేత్తో నీకు ఎంత కావాలంటే అంత పెంచుకో అన్నాడు. వద్దంటే మాత్రం ఈ పండగకే తీసెయ్యాలి, చట్రం కూడా విప్పెయ్యాలి. రేపు పొద్దున్నే బొమ్మలన్నీ వాటి వాటి చోట్లకి చేరుస్తారు. అందుకని ఇవాళ సాయంత్రం నీకు ఫోన్ చేస్తానన్నాడు. నీ నోటితోనే వినాలట."

ముందుగదిలో వెలుతురు తగ్గుతోంది. టైలరమ్మ లైటు వెయ్యలేదు. ఇందాకటిదాకా ఉందని కూడా తెలియని పిల్ల, ఇప్పుడు ఉండాలా వద్దా అనేది ఆవిడ చెప్పాలట. చూడాలని ఉంది. ఇప్పటికిప్పుడు పరుగెత్తుకెళ్ళి ఆ ఆకుల చెంపలు తడమాలని ఉంది. పొడుగు ఎక్కువైతేనేం, పోలిక ఉంటే చాలు. ఆ కోరిక ఎంత బలంగా పుట్టిందంటే, ఆవిడకే భయమేసింది.

"ఏమంటావే?" అన్నాడు తోటాయన. ఆ మనిషి గొంతులో ఆశ దాచుకున్నా దాగడం లేదు.

ఆవిడ "ఉంచమంటాను" అనబోయింది. మాట పెదవి దాకా వచ్చింది. అప్పుడు లోపలి గుమ్మంలో నిలబడి ఉన్న చిన్నది కనిపించింది. ఎప్పుడొచ్చిందో ఏమో. చేతిలో పసుపుపచ్చ గౌను ఉంది, అంచు విప్పడానికి తెచ్చినట్టుంది.

"దీన్నీ అడుగుదాం," అంది టైలరమ్మ.

"చిన్నపిల్లనేం అడుగుతావు? దానికేం తెలుసు?"

"నన్నూ ఇలాగే అడగలేదు కదండీ మీరు. అడగకపోతే ఎలా ఉంటుందో నాకు తెలిసింది, మళ్ళీ దానికి వద్దు." కూతుర్ని దగ్గరికి పిలిచి, మోకాళ్ళ మీద కూర్చుని, గౌను తీసుకుని పక్కన పెట్టింది. "విన్నావు కదా. ఆకుల అక్కని పండగలో ఉంచమని చెప్పనా? నీకేమనిపిస్తే అది చెప్పు. ఎవరూ ఏమీ అనరు."

ఉంచమంటుందనే ఇద్దరూ అనుకున్నారు. అంతసేపు మురిపెంగా చెప్పిన పిల్ల ఇంకేమంటుంది?

చిన్నది ఆలోచించలేదు. ఎప్పుడో ఆలోచించి పెట్టుకున్నట్టే ఉంది.

"వద్దు," అంది.

తోటాయన మొహం మళ్ళీ నిన్నటిలాగే పాలిపోయింది.

"ఎందుకు బంగారూ?" అంది టైలరమ్మ. "అక్కంటే నీకిష్టం కాదా?"

"ఇష్టమే." పిల్ల తండ్రి వైపు చూడకుండా, తల్లికే చెప్పింది. "నాన్న ప్రతి ఏడూ ముందు అక్క దగ్గరికే వెళ్తాడు. అక్కడే నిలబడతాడు. నాకు ఐస్‌క్రీమ్ కొనిచ్చి బెంచీ మీద కూర్చోబెడతాడు. అది తినేసినా రాడు. నేను నెమళ్ళ దగ్గరికి ఎప్పుడూ వెళ్ళలేదు, పటంలో చూశానంతే. పిలిస్తే వస్తున్నా అంటాడు కానీ వినపడదు నాన్నకి. నువ్వొస్తే నువ్వూ అక్కడే నిలబడిపోతావు. అప్పుడు సొరంగంలో నా చెయ్యి ఎవరు పట్టుకుంటారు?"

అందుకే చివర్లో, అది కూడా టైముంటే. టైలరమ్మకి ఆ పటం మీది సుద్ద గీత ఎందుకు అన్ని వంకర్లు తిరిగిందో అప్పుడు అర్థమైంది. అమ్మని వీలైనంతసేపు తన దగ్గర ఉంచుకోవాలని ఆ పిల్ల దారి అంతా చుట్టు తిప్పింది. బెంచీ మీద కూర్చున్న పిల్లని ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా తిరిగి చూడలేదన్నది తోటాయనకి అప్పుడే తెలిసింది, ఆ తెలియడం మొహంలో కనబడింది. గోడకి ఆనుకుని అలాగే కిందకి జారి కూర్చున్నాడు. ప్యాంటు మట్టి సంగతి ఇప్పుడు గుర్తు లేదు.

ఆయన జేబులో ఫోన్ మోగింది.

తియ్యలేదు. మోగుతూనే ఉంది. టైలరమ్మే వంగి జేబులోంచి తీసి, చెవికి పెట్టుకుని "హలో" అంది. రెండో చేత్తో చిన్నదాని చెయ్యి పట్టుకునే ఉంది.

"అమ్మగారా? ఆ పాప తల్లిగారేనా మాట్లాడేది?" అన్నాడు అవతలివైపు మేనేజరు, నెమ్మదిగా, మర్యాదగా.

"ఇద్దరి తల్లినండీ," అంది టైలరమ్మ.

"మీవారు సంగతంతా చెప్పే ఉంటారు. నేను మిమ్మల్ని తొందరపెట్టడం లేదు. కానీ పనివాళ్ళు ఇక్కడే ఎదురు చూస్తున్నారు, వాళ్ళకి చెప్పి పంపాలి. ఉంచమంటారా అమ్మా, విప్పెయ్యమంటారా?"

ఉంచమంటే చేతిలో ఉన్న ఈ చెయ్యి ఏమవుతుందో ఆవిడకి తెలుసు. విప్పెయ్యమంటే గోడకి ఆనుకుని కూర్చున్న ఈ మనిషి ఏమవుతాడో కూడా తెలుసు. ఆ ఇద్దరూ ఆవిడ నోటి వంకే చూస్తున్నారు.

"చెబుతున్నానండీ," అంది.